అన్ని గీతలూ కలిసే ఇల్లు

"గీ బొమ్మ ఎవలు గియ్యమన్నరు?" ఎస్సై బాల్‌సింగ్ కాగితాన్ని బల్ల మీద పరిచి గద్దించాడు.

"కాలేజీల సార్. ఇండ్ల నక్షలు గీసే చదువు నాది," అంది అఖిల. "ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు. ఒక మిద్దె మీదికెల్లి ఇంకో మిద్దె కనబడితే రెండింటి నడుమ గీత. ఊర్ల ఇండ్లు ఒకదాన్నొకటి ఎట్ల చూసుకుంటయో లెక్క తీస్తున్న. గంతే."

రేపు కేసముద్రం దగ్గర రైల్‌రోకో. తెలంగాణ కోసం తిరిగే కుర్రాళ్లను ఇవాళే పట్టుకోవాలి. ఎప్పుడు రైలుకట్ట వాడకు జీపేసుకుని వెళ్లినా ఖాళీ మంచాలే ఎదురవుతున్నాయి. ఈసారీ ఉత్త చేతులతో వస్తే సస్పెన్షనే అని పైవాళ్లు తేల్చేశారు. సరిగ్గా అప్పుడే, మిద్దెలెక్కి బొమ్మలు గీస్తున్న అఖిల కానిస్టేబుల్ యోసేపు కంటపడింది. ఇంకేం, పట్టుకొచ్చాడు.

బాల్‌సింగ్ వేలు కాగితం మధ్యలో ఆగింది. అన్ని వైపుల నుంచీ గీతలొచ్చి ఒకే చుక్క మీద పడ్డాయి.

"గీ ఇల్లేంది?"

"అది ఊరంతటికి కనబడే మిద్దె సార్. దాని మీద చెయ్యి ఊపినా అన్ని ఇండ్లకు తెలుస్తది." అనేశాక అఖిల నాలుక కరుచుకుంది.

బాల్‌సింగ్ కుర్చీలోంచి లేచాడు. "యోసేపూ, దొరికిండు! మనం బయల్దేరంగనే సైగ చేసేటోడు గీ ఇంట్లనే ఉన్నడు!"

సంబరంగా సెల్లు తీశాడు. "రుక్కీ, బువ్వకు రాను. రైలుకట్ట దిక్కు పోతున్నం." దాడికి బయల్దేరే ముందు ఇల్లాలికి ఎప్పుడూ చెప్పే మాటే అది. తను రాడని తెలియక ఆమె పస్తుంటుందని ఆయన బెంగ.

ఫోను పెట్టేసి అఖిల వైపు తిరిగాడు. "చెప్పు, ఎవలి ఇల్లు?"

"ఆ ఒక్కటి అడుగకుండ్రి సార్."

"చెప్పకుంటే నిన్నే లోపలేస్త. నీ చదువు మట్టిల కలుస్తది."

అఖిల కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఇండ్ల లెక్కలు తీయబోయి ఎవరి కాపురంలో చిచ్చు పెట్టాల్సి వస్తోందో ఆ పిల్లకు తెలుసు. "నేను చెప్తే మీరు నమ్మరు సార్. మీదికి రాండ్రి, చూపిస్త."

ముగ్గురూ ఠాణా మిద్దె ఎక్కారు. అఖిల వేలు చాపింది. అటు చూసిన యోసేపు నోరెళ్లబెట్టాడు. బాల్‌సింగ్ పిట్టగోడ పట్టుకున్నాడు. దూరంగా రైలుకట్ట వాడలో కుర్రాళ్లు ఒక్కొక్కరే పరుగందుకుంటున్నారు.

వేలు చూపిన మిద్దె మీద, ఎండకు ధగధగ మెరిసే పెళ్లినాటి అద్దాల లంగాను తీగ మీద పరుస్తోంది రుక్కి.