కిటికీ కింద చోటు

“ఆ బల్లెక్కి కూర్చుని ఊరందరికీ కనబడతావా?” అంది నాగేశ్వరి.

“ఊరెక్కడుందండీ, ఈ కిటికీలోంచి కనబడేవన్నీ గచ్చిబౌలి రాళ్లేగా,” అంటూ కోడలు ఉదయశ్రీ దిండుకు నీలం గలీబు తొడిగింది. ఆఫీసు నుంచి రాగానే కాళ్లు ముడుచుకుని కూర్చునే చోటు తనకంటూ ఒకటి కావాలని హాల్లో కిటికీ కింద ఆ బల్ల చేయించుకుంది. కాకినాడ నుంచి దిగిన రోజు నుంచీ అత్తగారు దాన్ని తిడుతూనే ఉంది.

నాగేశ్వరి బల్లను చేత్తో నొక్కి చూసింది. ఉన్నట్టుండి గొంతు మెత్తబడింది.

“ఇంకో మూరెడు పొడుగుంటే పడుకోవడానికీ వీలయ్యేది.”

“మీకు నచ్చిందా అత్తయ్యా?” ఉదయశ్రీ మొహం విచ్చుకుంది.

“నచ్చకేం. విడిగా ఒక దుప్పటి, కంచం, గ్లాసు ఇక్కడే పెట్టుకో. నెలనెలా ఆ మూడు రోజులూ వంటింటి గడప తొక్కకుండా ఇక్కడే ఉండొచ్చు. ఈ అగ్గిపెట్టె కొంపలో నిన్నెక్కడ కూర్చోబెట్టాలా అని చస్తున్నాను.”

ఉదయశ్రీ చెయ్యి దిండు మీద ఆగిపోయింది. ఇంతసేపూ తను అలంకరిస్తున్నది అత్తగారి లెక్కలో ముట్టుగదినని ఇప్పుడర్థమైంది.

“ఈ నెల ఎప్పుడో ముందే చెప్పు,” అంది నాగేశ్వరి.

“నిన్ననే అండి.”

“మరి పొద్దున కాఫీ?”

“నేనే కలిపాను. బాగుందని మళ్లీ పోయించుకున్నారు.”