గోత్రం లేని పిల్ల

"పెండ్లామన్న ఉండాలె, తలపాగన్న ఉండాలె. రెండు కుదరవు బాల్యా," అన్నాడు కిష్ట్యా.

తండా అంతా కూడింది. నైజాం పోయి ఇంకా ఏడాది కాలేదు. కోదాడ పక్కనున్న ఆ తండా తరఫున మిలిటరీ క్యాంపు ముందు నిలబడి మాట్లాడేది తండా పెద్ద, నాయకే. తండ్రి పోయాక ఆ నాయకు తలపాగా చుట్టుకున్న బాల్యా, హుజూర్‌నగర్ ఉప్పు దుకాణం సోమయ్య కూతురు సువర్ణను పెళ్లాడి తెచ్చాడు. కూతురు చచ్చిందనుకుని సోమయ్య తలస్నానం చేసి ఊరుకున్నాడు. తండా అంత సులువుగా ఊరుకోలేదు.

"ఈమెది ఏ గోత్రం? రేపు ఈమె పిల్లలకు పిల్లనెవరిస్తరు?" కిష్ట్యా ఆమెకు అర్థం కావాలనే తెలుగులో అడిగాడు. బాల్యాది ఒక గోత్రం, అతనిది ఇంకొకటి. బాల్యా తర్వాత తండాలో అంతటి మనిషి అతనే.

"ఆమెను ఇడువ. నాయకుగిరీ ఇడువ," అన్నాడు బాల్యా.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక్కడ రాజూ మొండివాడూ ఒక్కడే అయ్యేసరికి పంచాయితీ ముందుకు కదల్లేదు.

సువర్ణ ఇక కూర్చోలేకపోయింది.

"నేనే పోత. ఆయనను నాయకుగ ఉండనియ్యుండ్రి," అంది. పోవడానికి ఆమెకు ఇల్లు లేదని అక్కడ అందరికీ తెలుసు.

అత్త మంగ్లీ కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవరన్న ఈమెను బిడ్డ అనుకోరాదా? అప్పుడు గోత్రం అదే వస్తది."

పరాయి పిల్లను నెత్తికెత్తుకునేదెవరు?

కిష్ట్యా లేచాడు. "నేననుకుంట. ఇయ్యాల్టి సంది సువర్ణ నా బిడ్డ. నా గోత్రమే దాని గోత్రం."

తండా నోరు వెళ్లబెట్టింది. కిష్ట్యా ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కన్నవాడు కాదన్నాక ఇంకో తండ్రి దొరికాడని సువర్ణ భోరున ఏడ్చింది. బాల్యా వంగి కిష్ట్యా కాళ్లు మొక్కాడు.

"నీ మేలు మర్సిపోను మామా."

"మేలేముంది అల్లుడా. మనోళ్లల్ల పిల్లను ఉత్తగ ఇయ్యరు గద. పిల్ల తండ్రికి ఓలి కట్టి తీస్కపోవాలె."

"కడత మామా. ఎన్ని ఎద్దులు గావాలె?"

"ఎద్దులు నాకు శానా ఉన్నయ్," అన్నాడు కిష్ట్యా. "ఆ తలపాగ ఇటియ్యి."