ఇరుసు పక్కన గీత

గీత జరిగింది.

బుచ్చిరాములు వంగి మళ్లీ చూశాడు. నిన్న సాయంత్రం ఆకురాయి మొనతో తన ఆట కుర్చీ చట్రం మీద, ఇరుసు నట్టు పక్కనే గీసిన సన్నగీత, ఇవాళ గోరంత వెనకబడి ఉంది. అంటే ఎవరో ఇరుసును ముందుకు జరిపారు.

నాచారంలో ఒక షెడ్డులో ఇరవై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసిన మనిషి. ఆ షెడ్డులోనే ఇనుప కడ్డీలు పడి నడుము కింద చచ్చుబడింది. గోరంత తేడా కూడా కంటికి ఆనుతుంది.

ఇప్పుడు ఉప్పల్‌లో చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆట కుర్చీలన్నీ హాలు పక్క గదిలోనే ఉంటాయి. ఆ గదికి తాళం లేదు.

ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక. మిగిలింది ఒక్క చోటు. అయితే బుచ్చిరాములు, లేకుంటే మహిపాల్. ఒక కాలు లేని ఆ కుర్రాడు రామంతాపూర్‌లో బైకులు బాగుచేస్తాడు. పానా అతని చేతిలో ఆరోవేలు.

ఇంకెవడు చేస్తాడు ఈ పని?

తన కుర్చీ బండి నడక మారిందని నెల కిందటే పసిగట్టాడు. కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు పదకొండు తోపులు పట్టేది. ఇప్పుడు ఎనిమిదింటికే దూసుకుపోతోంది. గట్టిగా తోస్తే ముందు చక్రాలు తేలుతున్నాయి. ఒకసారి వెల్లకిలా పడబోయాడు. ఆదివారం అందరి ముందూ అలా పడితే చాలు, మహిపాల్ దారి సాఫు.

అసలే కుడిభుజం పాడైంది. ఆరు నెలల కిందట చెయ్యి భుజం ఎత్తు దాటనని మొండికేసింది. అప్పటి నుంచి ఎత్తడమే మానేసి, బంతిని ఛాతీ నుంచి విసురుతున్నాడు. చేతులు మరీ వెనక్కి పెట్టి తోయడం వల్ల లోపల నరం నలుగుతోందని ఫిజియో హరిణి చెప్పింది. బండిని సరిచేయించుకోమంది. అతను వినలేదు. ఆ ఇరుసు నట్లు బిగించిన రోజు రెండో పానా పట్టింది భార్య కౌసల్యమ్మ. ఆమె పోయి మూడేళ్లు. నా బండి ముట్టుకున్నోని చెయ్యి ఇరుస్తానని అందరి ముందే చెప్పాడు. మహిపాల్ కూడా అక్కడే ఉన్నాడు.

ఈమధ్య అతను అనుమానించనిది లేదు. రాత్రిళ్లు నిద్ర మరీ గాఢంగా పడుతోందని, నొప్పి మాత్రలు మార్చి ఇచ్చావంటూ మందుల షాపువాడితోనూ తగువు పడ్డాడు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఆట కుర్చీలు దిగి, మామూలు కుర్చీల్లో చాయ్‌కి బయల్దేరారు. బుచ్చిరాములు సగం దారిలో వెనక్కి తిరిగాడు. గది తలుపు తోశాడు.

మహిపాల్ నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు బుచ్చిరాములు బండి, బోర్లా. చేతిలో పానా.

"దొరికినవ్‌రా దొంగ."

మహిపాల్ తల ఎత్తలేదు. "జర ఆగు కాకా. ఇంకొక్క చుట్టు ఉన్నది."

"నా పెండ్లాం బిగించిన నట్టురా అది. నన్ను పడగొట్టి నువ్వు పోతవా టీముల?"

"పోయేది నువ్వే కాకా. నేను గాదు."

ఎంత వెటకారం! బుచ్చిరాములు కళ్లు ఎర్రబడ్డాయి. పక్కనున్న బల్ల మీది రెండో పానా అందుకున్నాడు. వాడి నెత్తి పగలగొట్టాలని చెయ్యి ఎత్తాడు.

పానా పట్టిన ఆ కుడిచెయ్యి భుజం దాటి, చెవి దాటి, నొప్పి ఊసే లేకుండా తల మీదికి నిటారుగా లేచింది.