కారుకు వేయించిన నిశ్శబ్దం

“లోపల కూర్చుని తలుపేసుకున్నారంటే, బయట లోకం మునిగిపోయినా మీకు వినపడదు సార్,” అన్నాడు సీటు కవర్ల షాపాయన, బల్ల మీద నమూనా ముక్కలు పరుస్తూ.

“అది సరే. లోపలి శబ్దం బయటికి వస్తుందా?”

షాపాయన చెయ్యి ఆగింది. ఇలా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

“పాటలు గట్టిగా పెడతారా సార్?”

“పెట్టం.”

“దూర ప్రయాణాలా?”

“అబ్బే. ఎక్కువ మా ఇంటి కిందే ఆగి ఉంటుంది.”

ఆగి ఉండే బండికి ఈ ఆర్భాటమేమిటో షాపాయనకు అంతుపట్టలేదు. వచ్చిన బేరాన్ని ప్రశ్నలతో చెడగొట్టుకోవడమెందుకని సరుకు చూపించాడు. కార్పెట్ కింద పరిచే ఫెల్టు, తలుపుల రేకుకు అంటించే నల్లటి జిగురు షీట్లు, అంచులకు రబ్బరు బీడింగు. కారు తెచ్చినతను ఒక్కోదాన్నీ వేళ్లతో నొక్కాడు, చెవికి ఆనించుకున్నాడు, పెళ్లిచీర ఎంచినంతసేపు ఎంచాడు. చివరికి అన్నిట్లోకీ మందపాటివే తీయించి, పైకప్పుక్కూడా వేయమన్నాడు.

పని పూర్తయ్యాక షాపాయన దర్జాగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. “కూర్చోండి సార్. బయట హారన్ కొట్టిస్తాను, చూద్దురుగాని.”

“మీరు కూర్చోండి. గట్టిగా అరవండి. నేను బయట నిలబడి వింటాను.”

ఇదెక్కడి చోద్యమనుకుంటూనే షాపాయన లోపల దూరి గొంతు చించుకున్నాడు. అద్దం వెనక మెడ నరాలు ఉబ్బడం కనిపించింది. బయటికి మాత్రం ఎక్కడో ఎవరో గొణిగినట్టు, అంతే. బయట నిలబడ్డ అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది తన పనితనం చూసేననుకుని షాపాయన మురిసిపోయాడు.

పాపం, ఆయనకేం తెలుసు! హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఇతని ఒక్కగానొక్క కొడుకు ఆ వానాకాలంలో బైకు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి ఇతని తల్లి గుండెపోటుతో ఆసుపత్రిలో ఉంది. మనవడంటే ఆవిడకు పంచప్రాణాలు. ఈ కబురు చెవిన పడితే మనిషి దక్కదన్నారు డాక్టర్లు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

“పరీక్షలమ్మా, వాడికి తీరిక లేదట,” అని, ఆవిడ ఇంటికొచ్చాక అతను కథ అల్లాడు.

“చదువుకోనీలే,” అంది ఆవిడ. ఫోన్లో మాట్లాడతానని ఒక్కసారీ పట్టుబట్టలేదు. బతికిపోయామనుకున్నాడు.

భార్య పగలంతా నవ్వుమొహంతో తిరిగేది. సాయంత్రం “కూరలు తెస్తానత్తయ్యా” అని కారు తాళాలు తీసుకుని దిగేది. కారు కదిలేది కాదు. అద్దాలెత్తుకుని, స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చేది. కన్నతల్లి, ఎన్నాళ్లని దిగమింగుకుంటుంది?

ఒక సాయంత్రం తల్లి గదిలోకి వెళ్లి అతను హడలిపోయాడు. కారు సరిగ్గా ఆ కిటికీ కిందే ఉంది. ఏడుపు సన్నగా పైకి వస్తోంది. పాము చెవుల మనిషి, కిటికీ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది.

“ఎవరింట్లోనో టీవీ గోల,” అని గబగబా కిటికీ మూసేశాడు.

ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. “చుక్కల మందు వేసుకున్నానురా, మండుతోంది,” అంది. అతని గుండె కుదుటపడింది.

కారు వేరేచోట పెట్టుకోమందామంటే, తనకు తెలిసిపోయిందని భార్యకు తెలుస్తుంది. ఆమెకున్న ఆ కాస్త చాటూ లేకుండా పోతుంది. తను ఇవ్వగలిగింది ఇదొక్కటేనని అతను కారు తీసుకుని షాపుకు వెళ్లాడు.

“ఎందుకండీ ఇవన్నీ?” అంది భార్య, కిటికీ కింద ఆగిన కారులో కొత్త కార్పెట్ చూసి.

“రోడ్డు గోల తగ్గుతుందని.”

ఆ సాయంత్రం ఆమె తాళాలు తీసుకుని దిగింది. అతను తల్లి గదిలోకి వెళ్లి కిటికీ దగ్గర కాపలాగా నిలబడ్డాడు. కింద చడీచప్పుడూ లేదు. ఏడ్చుకోనీ, తనివితీరా ఏడ్చుకోనీ అనుకున్నాడు.

తల్లి కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. రెక్కలు రెండూ బార్లా తెరిచి, చెవి ఒగ్గి చాలాసేపు కూర్చుంది.

“ఏంటమ్మా?” అన్నాడు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

“ఆ కారుకు వేయించినవన్నీ పీకించెయ్యరా నాన్నా, ఇన్నాళ్లూ కింద అది ఏడుస్తుంటే విని, ఇక్కడ నేనూ పిల్లాడి కోసం దాంతోపాటే ఏడ్చుకునేదాన్ని.”