తక్కెడ తాత కట్టిన ధర

“ఇంకా ఎక్కువ పలకాలండీ. సరిగ్గా చూడండి,” అన్నాడు అన్న.

“ఇప్పటికే మీరు మరీ ముచ్చటపడిపోతున్నారు. కాస్త తగ్గించి చూడండి,” అంది చెల్లెలు.

తక్కెడ తాత భూతద్దం దించి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “నేనింకా నోరు విప్పందే ఈ పెంచడాలూ తగ్గించడాలూ ఏమిటి? కాసేపు ఊరుకోండి, మీకు పుణ్యం ఉంటుంది.”

పాత తుపాకులకి ధర కట్టడం ఆయన పని. ఎవరి వైపూ మొగ్గడని జనం పెట్టిన పేరే తక్కెడ తాత. ఆయనకో పద్ధతి ఉంది. ధర తేలి, రెండు పక్షాలూ ఒప్పుకునేదాకా అమ్మేదెవరో కొనేదెవరో అడగడు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుంటాడు. తెలిస్తే మనసు ఒక వైపు జారుతుందని ఆయన భయం.

అడగకపోతే మాత్రం తెలియదా ఏమిటి? పెట్టెను చంకలో పెట్టుకొచ్చి బల్ల మీద దించినవాడు అన్న. చేతిసంచీ ఒళ్ళో బిగించి పట్టుకు కూర్చుంది చెల్లెలు. పెంచమనేవాడు ఒకడు, తగ్గించమనేది ఒకతె. దీనికి జోస్యం చెప్పించుకోవాలా అనుకున్నాడు తాత.

మధ్యకి విరిచి తూటాలు నింపే పాతకాలపు రివాల్వరు అది. చేసిందే తక్కువ, చేసినవాటిలో చాలామటుకు కరిగించేశారు. అలాంటిది ఆయన ఇదివరకు ఒక్కటే చూశాడు, అదీ తుప్పు ముద్ద. ఇప్పుడు దీన్ని తెరిచి, ఖాళీగా ఉందని చూసుకుని, పసిబిడ్డని తిప్పినట్టు తిప్పుతున్నాడు.

“గొట్టం మీదా, తూటాల చక్రం మీదా, చట్రం మీదా ఒకటే నంబరు. ఏదీ మార్చలేదు,” అని గొణుక్కున్నాడు.

“చెప్పానా!” అన్న ముఖం విప్పారింది. “నీలిపూత కూడా అసలుదేనండీ. మెరుగు పెట్టిద్దామంటే నాన్న ససేమిరా అన్నారు.”

“పూతెక్కడుంది, సగం రాలిపోతేనూ?” అంది చెల్లెలు. “గొట్టం లోపల చూడండి, తుప్పు గుంటలు. పిడికి ఎడమవైపు చెక్క అసలుది కాదు. పగిలిపోతే నాన్నే చెక్కి బిగించారు.”

“నువ్వూరుకోవే! నిన్నడిగారా?”

“దాస్తే దాగుతుందా అన్నయ్యా?”

తాత పిడి వెలుగులోకి తిప్పాడు. రంగు కలిసింది గానీ చెక్కలోని చారలు కలవలేదు. అయినా ఆ తండ్రెవరో ఎంత ఓపిగ్గా చెక్కాడో!

“నాన్న చేతి పనైతే విలువ పెరగాలి గానీ తగ్గడమేమిటండీ?” అన్నాడు అన్న.

“మీకు పెరుగుతుంది బాబూ. బజారుకి తగ్గుతుంది.”

చెల్లెలు చెయ్యి చాచి ఆ చెక్కని నిమిరింది. “సెలవు రోజున వరండాలో కూర్చుని దీనికి నూనె పెట్టేవారు తాతగారూ. గుడ్డ అందించడం అన్నయ్య పని. నన్ను ముట్టుకోనిచ్చేవారే కాదు.”

“ఇప్పుడు ముట్టుకో. ఎవరొద్దన్నారు?” అన్నాడు అన్న.

తాతకి దిగులేసింది. ఈ బల్ల దగ్గరికి ఒకే బండిలో వచ్చి, వేరే వేరే బళ్ళలో వెళ్ళిపోయిన తోబుట్టువుల్ని ఆయన ఎందర్నో చూశాడు. వీళ్ళ మధ్యా మాటలు ఆగిపోతాయేమో. తండ్రి పోయాక ఆ పిల్లకి పుట్టిల్లంటే ఈ అన్నే కదా. అతనేమో పైసా పైసా పిండుతున్నాడు.

“నాన్న పంపకాల్లో వచ్చింది ఇదొక్కటే,” అన్నాడు అన్న మళ్ళీ. “ఇంటి కప్పు పని సగంలో ఆగి ఉంది, వానలు నెత్తి మీదున్నాయి. ఇలాంటప్పుడు తక్కువకి వదులుకుంటే ఎలాగండీ?”

“ఇద్దరు పిల్లల చదువులు మాత్రం నెత్తి మీద లేవా? అంతంత డబ్బంటే మాటలా?” అంది చెల్లెలు. ఆమె కళ్ళు నిండాయి.

ధర తాత మనసులో ఎప్పుడో తేలింది. నాలుగు లక్షల ఇరవై వేలు. ఆ ఇరవై వేలూ తగ్గించి చెబితే ఆ పిల్లకి కాస్త ఊపిరాడుతుంది కదా అనిపించింది. ఇన్నేళ్ళలో అలాంటి బుద్ధి పుట్టడం ఇదే మొదలు. ‘నాలుగు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఒకసారి మొగ్గితే ఇక తక్కెడ ఎందుకు, తాత ఎందుకు అనుకుని మనసు దిటవు చేసుకున్నాడు.

“నాలుగు లక్షల ఇరవై వేలు. పిసరు ఎక్కువా కాదు, పిసరు తక్కువా కాదు.”

“అయిదనుకున్నానండీ,” అన్నాడు అన్న నీరసంగా.

“మూడు దాటకూడదండీ,” అంది చెల్లెలు.

తాతకి ఒళ్ళు మండింది. “ఏం బాబూ, చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే కనబడటం లేదా? ఇంకా పెంచమంటావా?”

“చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ. ఇది ఏడిస్తే నేను ఓడిపోవాలి. ఈసారి మాత్రం ఓడిపోను,” అన్నాడు అన్న తల దించుకుని.

“మొండివాడివి అన్నయ్యా నువ్వు,” అంది చెల్లెలు.

“సరేలే. తాతగారి మాటే మాట. ఒప్పుకో.”

“నువ్వొప్పుకుంటే నేనూ ఒప్పుకున్నట్టే,” అని మణికట్టుతో కళ్ళు తుడుచుకుందామె.

మాటలైతే ఆగలేదు, అంతే చాలనుకున్నాడు తాత. సొరుగులోంచి ఒప్పందం కాగితం తీసి పరిచాడు. ఆ పిల్ల వంక జాలిగా చూస్తూ, పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

“కొనేవాళ్ళు ముందు సంతకం పెట్టాలమ్మా.”

అన్న ఆ పెన్ను అందుకుని, కొనేవారి చోట సంతకం పెట్టాడు.