పదకొండో రెక్క

“జరిమానా వేయండి, ఇప్పుడే కట్టేస్తాం,” అన్నాడు లాయరు, హోటల్లో రెండు టీలు చెప్పినంత తేలిగ్గా.

బల్లకి అవతల ముగ్గురు పెద్దలు. మధ్యలో ఉన్న పెద్దావిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారి, దూకనా వద్దా అని ఆలోచిస్తోంది. కార్ల పందేల్లో ఖర్చు గీత దాటినవాళ్ళకి శిక్ష వేసే సభ అది. ఉన్నవాడైనా లేనివాడైనా ఒక జట్టు ఏడాదికి ఇంతే ఖర్చు పెట్టాలని నియమం.

కప్పు గెలిచిన పెద్ద జట్టు ఆ గీత దాటింది. ఆఖరి పందేనికి ముందు కారుకి గుట్టుగా కొత్త రెక్క చేయించింది. కారు ముక్కు కింద అడ్డంగా ఉండే రెక్క అది. గాలిని అదిమి, కారుని నేల వదలకుండా పట్టి ఉంచుతుంది. పది రెక్కలతోనే గీత లోపలి డబ్బు అయిపోయింది. పదకొండోదాని ఖర్చుని షెడ్డు గోడలకి సున్నం కింద రాసేశారు. అంత సున్నంతో చంద్రుడికి రెండు పూతలు వేసి, మిగిలింది చుక్కలకి పూయొచ్చు!

పందెం అయ్యాక ఆ రెక్కని ముక్కలు చేసి చెత్తకుండీలో పారేశారు. పదకొండు అని కొట్టిన నంబరు బిళ్ళ ఊడదీయడం మాత్రం మరిచారు. ఆ బిళ్ళ ఇప్పుడు బల్ల మీద ఉంది. దాన్ని తెచ్చినవాడు బల్లకి ఇవతల నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, కారు నడిపేవాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అతన్ని అందరూ మొండిఘటమనే పిలుస్తారు.

“కూర్చుని చెప్పు బాబూ,” అంది పెద్దావిడ.

“పర్లేదు మేడమ్. కారులో ఎలాగూ కూర్చునే ఉంటాను. జరిమానా అంటే వీళ్ళకి శిక్షేంటి మేడమ్? అది ధర. ఈ ఏడు రెక్క కొన్నారు. వచ్చే ఏడు పందేన్నే కొంటారు. ఆ ఆఖరి పందెం పాయింట్లు కొట్టేయండి.”

లాయరు నవ్వాడు. “శిక్ష తప్పుకి తగ్గట్టుండాలి. ఆ రెక్క లేకపోయినా మా కారే గెలిచేది. ఆ రోజు దాని వేగానికి, నీడ సాయంత్రానికి గానీ ఇంటికి చేరలేదు!”

“గెలిచింది జానెడు తేడాతో,” అన్నాడు మొండిఘటం. “రెండో స్థానం వచ్చిన జట్టుకి రెక్క చిట్లింది. కొత్తది చేయిస్తే గీత దాటుతామని అతుకేసుకుని దిగారు. అతుకు రెక్కతో జానెడు దగ్గరికొచ్చారు సార్!”

“కారు నడిపేవాళ్ళకి రెక్కల సంగతి ఏం తెలుస్తుంది? అది ఇంజనీర్లు చెప్పాలి.”

“మొదట్నుంచి చివరిదాకా నా కళ్ళముందే ఉంది. పాత రెక్కలు పెద్ద మలుపులో చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. ఇది వణకలేదు.”

పెద్దావిడ పది నిమిషాలు విరామం అంది.

వరండాలో పెద్ద జట్టు యజమాని మొండిఘటం భుజం మీద చెయ్యేశాడు.

“బాబూ, నోరు మూసుకుంటే వచ్చే ఏడు నువ్వు కోరిన కారు ఇస్తాను. లేదంటే ఏ జట్టులోనూ నీకు కారుండదు. బస్సెక్కి తిరుగుదువుగాని.”

“బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలండీ. హాయిగా ఉంటుంది.”

యజమాని చెయ్యి తీసేసి, చేతిరుమాలుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

బెంచీ మీద మొండిఘటం వాళ్ళమ్మ, ఒళ్ళో పెద్ద గుడ్డసంచి వాటేసుకుని అంతా వింది.

“ఒరే, ఆయన అన్నంత పనీ చేస్తాడురా. నీకు స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాదు.”

“ఎవరో ఒకరు ఇవ్వకపోతారా అమ్మా.”

ఆమె నిట్టూర్చింది. వీడితో వాదించి గెలిచిన దాఖలా లేదు. చిన్నప్పుడు బడి పరుగుపందెంలో ఈల సరిగ్గా ఊదలేదని మేష్టారితో తగువేసుకుని, మళ్ళీ పందెం పెట్టించాడు. రెండోసారి ఎన్నోవాడుగా వచ్చాడో ఆమె ఎవరికీ చెప్పదు.

మళ్ళీ అందరూ లోపలికి వచ్చారు. పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది.

“నువ్వడిగినట్టు చేస్తే కప్పు చేతులు మారుతుంది. తెలిసే అడుగుతున్నావా?”

“వేళ్ళ మీద లెక్కేసుకునే వచ్చాను మేడమ్.”

“మిగతా పందేల పాయింట్లు?”

“వాటి జోలికి వెళ్ళకండి. అవి పాత రెక్కలతో గెలిచినవే. ఒక్క పాయింటు ఎక్కువ కోసినా మీ మీద ఫిర్యాదు పెడతాను.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ నవ్వలేదు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు.

“జరిమానా లేదు,” అంది చివరికి. “ఆఖరి పందెం పాయింట్లు కొట్టేశాం. కప్పు ఈ బల్ల మీదికి రావాలి.”

యజమాని కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. తలుపు ఎంత గట్టిగా వేశాడంటే, గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుకు దూకింది. లాయరు కాగితాలు సర్దుకుంటూ మొండిఘటం వైపు కన్నెత్తలేదు.

“కప్పు ఎప్పటిలోగా ఇస్తారు?” లాయర్ని అడిగింది పెద్దావిడ.

మొండిఘటం వెనక వరసకి నడిచి, అమ్మ గట్టిగా పట్టుకున్న సంచిని మెల్లగా విడిపించుకుని, అందులోంచి తన పేరు చెక్కి ఉన్న కప్పుని తీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు.