నానాజీ పాస్‌వర్డ్

ఆ ఉదయం సుప్రియ పాస్‌వర్డ్ కోసం నానాజీని పిలవలేదు.

రిసెప్షన్‌లో కూర్చుని పేషెంటు పేరు కొట్టింది. స్కాన్ తెర మీదికి వచ్చింది. ప్రింటు తీసి చేతికిచ్చి పంపేసింది.

నానాజీ చేతిలో పని ఆపి చూశాడు.

అనకాపల్లిలోని ఆ స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ చూసేది అతనొక్కడే. స్కాన్లు దాచే స్టోరేజికి ఇన్నాళ్లూ ఒకటే పాస్‌వర్డ్. అది నానాజీ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరికి ఏ పాత స్కాన్ కావాలన్నా "నానాజీ, ఓసారి రా" అనాల్సిందే.

ఆ పిలుపంటే అతనికి మహా ఇష్టం.

"ఎవరిచ్చేరేటి నీకు?" అన్నాడు.

"పైడిబాబు గారు. ఎవరి పేరు వాళ్లకే, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకేనట. ఇంక నీకోసం ఎతుక్కోనక్కర్లేదులే, నీకూ సుకమే," అంది సుప్రియ.

పైడిబాబు కొత్త స్టోరేజి బిగించడానికి వైజాగ్ కంపెనీ పంపిన ఇంజనీరు. నలభై దాటిన మనిషి. ఏ సర్వరుని స్టోరేజిలోకి రానివ్వాలి, ఏ మనిషి ఎంతవరకు చూడాలి అని అందర్నీ అడుగుతూ అప్పుడే ఇంటి మనిషైపోయాడు. మేనేజరు కనకమహాలక్ష్మి మేడం తన ఫ్లాస్కులోని టీ ఆయనకి స్వయంగా పోస్తోంది.

ఇన్నేళ్లలో నానాజీకి ఒక్కసారైనా పోసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం బారువ నుంచి భార్య దుర్గాలక్ష్మి ఫోన్ చేసింది. తొలి కాన్పు. పుట్టింట్లో ఉంది. వచ్చే వారమే ఆపరేషన్ అన్నారట.

"నువ్వు పక్కనుంటే గానీ లోపలికెళ్లను. బయమేత్తంది," అంది.

తను లేకపోతే సెంటర్ ఆగిపోతుందని మేడం సెలవు ఇవ్వడం లేదని చెప్పాడు నానాజీ. చెబుతున్న గొంతులో బాధ ఉంది. కాస్త గర్వం కూడా ఉంది.

పక్కనే కేబుల్ బిగిస్తున్న పైడిబాబు తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

సాయంత్రం మేడం గది తలుపు ఓరగా ఉంది.

"సోమవారం నుంచి ఇక్కడంతా మీరే చూసుకోండి," అంటోంది మేడం పైడిబాబుతో. "నానాజీకి నేను చెబుతాను. శనివారం డాక్టరుగారు చూడ్డానికొస్తారు, ముందు ఆయన ఎదుట అంతా సరిగ్గా నడవనివ్వండి."

తలుపు బయట నానాజీ ఆగిపోయాడు. బిడ్డ పుట్టే వేళకి ఉద్యోగం ఊడుతోంది. అదీ ఈయనగారి కోసం.

కొత్త పద్ధతిలో, స్కాన్లని తెర మీదికి తెచ్చే సర్వరు, ఆన్ అయిన ప్రతిసారీ స్టోరేజికి ఒక రహస్యపదం చెప్పాలి. రెండు వైపులా ఒకే పదం ఉంటేనే లోపలికి దారి. ఆ పదాన్ని పైడిబాబు నానాజీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం అందరూ భోజనాలకి లేచాక, నానాజీ స్టోరేజిలో ఉన్న పదంలో ఒక అక్షరం మార్చేశాడు.

అప్పటికే స్టోరేజితో కలిసి ఉన్న సర్వరు మామూలుగానే నడిచింది. మళ్లీ ఆన్ చేస్తే గానీ సంగతి బయటపడదు.

శనివారం సెంటర్ యజమాని డాక్టరుగారు వచ్చారు. కరెంటు పోయి వచ్చినా స్కాన్లు ఎక్కడికీ పోవని చూపించడానికి పైడిబాబు సర్వరు ఆపి, మళ్లీ ఆన్ చేశాడు.

తెర ఖాళీగా ఉండిపోయింది.

రావికమతం నుంచి తెచ్చిన యాక్సిడెంటు కేసు బయట స్ట్రెచర్ మీద ఉంది. డాక్టరుగారి ముఖం ఎర్రబడింది.

పైడిబాబు కీబోర్డు మీదికి వంగి, ఒకచోట ఆగాడు. మెల్లగా నానాజీ వైపు చూశాడు.

నానాజీ చూపు దించుకున్నాడు.

పైడిబాబు ఆ అక్షరం సరిచేశాడు. స్కాన్లు వచ్చేశాయి.

"తప్పు నాదేనండి. నేనే ఒక అక్షరం తప్పు కొట్టేను," అన్నాడు డాక్టరుగారితో.

ఇంత అజాగ్రత్త మనిషికి సెంటర్ అప్పగించేది లేదని డాక్టరుగారు అక్కడికక్కడే తేల్చేశారు.

పైడిబాబు బ్యాగు భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నానాజీ దగ్గర ఆగాడు.

"మీ ఆవిడకి దైర్యం సెప్పు తమ్ముడూ," అని మెట్లు దిగిపోయాడు.

ఆయన వైజాగ్ బస్సెక్కేదాకా కిటికీలోంచి చూసి, నానాజీ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మేడం పిలిచింది.

"నీకు రాసిపెట్టి లేదు నానాజీ. నీ సెలవు ఇంక కుదరదు. సోమవారం డ్యూటీకి వచ్చెయ్."

"సెలవు ఇద్దామనుకున్నారేటి మేడం?"

"డాక్టరుగారు సరే అన్నాక చెబుదామనుకున్నాను. ముందే ఆశ పెట్టొద్దని ఆయనే ఆపాడు."

"ఎవరు మేడం?"

"పైడిబాబే. నువ్వు భార్య దగ్గరుండి బిడ్డని చూసుకుని తిరిగి వచ్చేదాకా, తన కంపెనీలో సెలవు పెట్టి మరీ నీ డ్యూటీ తను చేస్తానని నన్ను బతిమాలి ఒప్పించాడు."